మూడు ముక్కల్లో సీక్వెన్సు పెద్దది, పోకర్లో కలర్ పెద్దదా? ఇది ఎలా సాధ్యం?

భీమిలి_బాబాయి
సంక్రాంతికి అందరం భీమిలి ఇంట్లో కలిశాం. కనుమ నాడు భోజనాలయ్యాక పేక బయటికి తీశాం. మా ఇంట్లో ముప్పై ఏళ్లుగా మూడు ముక్కలాటే. పందెం చింతపిక్కలు, డబ్బు ముట్టం. ఈసారి మా మేనల్లుడు పోకర్ నేర్పిస్తానన్నాడు. చేతికి రెండు ముక్కలు, నేల మీద అందరికీ ఉమ్మడిగా అయిదు. ఆ ఏడింటిలోంచి మంచివి అయిదు ఏరుకోవాలి. బాగానే ఉందనుకున్నాను.

చివరి ఆటలో నేల మీద ఆఠీన్ రాజు, ఆఠీన్ 8, ఆఠీన్ 6, కళావర్ 7, ఇస్పేట్ 2 పడ్డాయి. నా చేతిలో 5, 9. అంటే 5-6-7-8-9, చక్కని వరస. దగ్గరున్న పిక్కలన్నీ ముందుకు తోశాను. మా బావ ఆఠీన్ ఆసు, ఆఠీన్ 3 పరిచాడు. వరస లేదు, జత లేదు, అయిదూ ఆఠీన్లే కావడం తప్ప ఇంకేమీ లేదు. మేనల్లుడు కలరే, అంటే అన్నీ ఒకే గుర్తు ఉన్న చేయే పెద్దదని తీర్పు చెప్పాడు. నూట నలభై పిక్కలు బావ ముందుకు వెళ్లిపోయాయి.

పిక్కల గురించి బాధ లేదు. సీక్వెన్సు కలర్‌ను కొడుతుందని చిన్నప్పటి నుంచి ఆడుతున్నాను, మా నాన్నగారూ అలాగే ఆడారు. ఇప్పుడది తలకిందులు ఎలా అవుతుంది? అంతే అని కాకుండా కారణం చెప్పండి.

కంచరపాలెం_కుర్రాడు
మీ మేనల్లుడు సరిగ్గానే చెప్పాడు బాబాయి గారూ. పోకర్లో ఫ్లష్ అంటే మన కలర్, స్ట్రెయిట్ అంటే మన సీక్వెన్సు. ఫ్లషే పెద్దది. ప్రపంచమంతా అలాగే ఆడతారు.

పూర్ణామార్కెట్_పాతకాపు
ప్రపంచమంతా ఆడుతుందన్నది జవాబు కాదు, ఆయన కారణం అడిగారు. నేను బాబాయి పక్షం. ఆఠీన్లు పదమూడు ఉన్నాయి, వాటిలో ఏ అయిదు వచ్చినా కలరే. వరసకు అలా కాదు, ఫలానా ముక్క పడి తీరాలి. 5, 6, 8, 9 చేతిలో పెట్టుకుని ఏడు కోసం రాత్రంతా ఎదురుచూసినవాణ్ని నేను. కష్టమైనది వరసే.

గాజువాక_గళం
ఆ ఏడు ఏ గుర్తుదైనా సరిపోతుంది కదా? కట్టలో ఏడులు నాలుగున్నాయి. మీరు ఒక్క ముక్క కోసం కాదు, నాలుగు ముక్కల కోసం ఎదురుచూశారు.

పూర్ణామార్కెట్_పాతకాపు
నాలుగే. అదే నాలుగు ఆఠీన్లు ఉన్నవాడికి ఇంకా తొమ్మిది ఆఠీన్లు పనికొస్తాయి. నాలుగు ఎక్కువా, తొమ్మిది ఎక్కువా?

గాజువాక_గళం
నాలుగు ఆఠీన్ల వరకు వచ్చాక తొమ్మిది. అక్కడి వరకు రావడమే కష్టం.

లెక్కల_మాస్టారు_ఎంవీపీ
ఇద్దరి మాటలోనూ సగం సగం నిజం ఉంది. ఊహతో తేలేది కాదు, లెక్కపెడితే పది నిమిషాల్లో తేలుతుంది.

బాబాయి గారి ఆట నుంచే మొదలుపెడదాం. 52 ముక్కల్లోంచి మూడు ముక్కలు 22,100 రకాలుగా వస్తాయి. వరసలు ఎన్ని? ఆసు-2-3 నుంచి రాణి-రాజు-ఆసు వరకు 12 వరసలు. ప్రతి ముక్కా నాలుగు గుర్తుల్లో ఏదైనా కావచ్చు కాబట్టి ఒక్కో వరసకు 4×4×4, అంటే 64 రూపాలు. మొత్తం 768. వీటిలో ఒకే గుర్తువి 48, అవి ప్యూర్ సీక్వెన్సులు. వాటిని తీసేస్తే మామూలు సీక్వెన్సులు 720. ఇప్పుడు కలర్. పదమూడు ఆఠీన్లలోంచి మూడు 286 విధాలుగా వస్తాయి. నాలుగు గుర్తులకు 1,144. ఆ 48 తీసేస్తే 1,096. సీక్వెన్సులు 720, కలర్లు 1,096. తక్కువగా వచ్చేది సీక్వెన్సు కాబట్టి అదే పెద్దది. మీ నాన్నగారు నేర్పింది నూటికి నూరుపాళ్లూ సరైనదే.

అయిదు ముక్కలకు వెళ్దాం. మొత్తం 25,98,960 రకాలు. వరసలు పది: ఆసు-2-3-4-5 నుంచి 10-జాకీ-రాణి-రాజు-ఆసు వరకు. నాలుగును అయిదుసార్లు హెచ్చిస్తే 1,024. పది వరసలకు 10,240. ఒకే గుర్తువి 40 తీసేస్తే 10,200. కలర్: పదమూడులో అయిదు 1,287 విధాలు, నాలుగు గుర్తులకు 5,148. అదే 40 తీసేస్తే 5,108. సీక్వెన్సులు 10,200, కలర్లు 5,108. దాదాపు సగం!

కాబట్టి ఏదీ తలకిందులు కాలేదు. అరుదైనదే పెద్దదన్న సూత్రం రెండు ఆటల్లోనూ ఒకటే, మారింది ముక్కల సంఖ్య. ముక్క పెరిగిన కొద్దీ వరసకు నాలుగు గుర్తుల వెసులుబాటు ఇంకోసారి దొరుకుతుంది. కలర్‌కు అదే గుర్తు మళ్లీ పడాలన్న ఇబ్బంది ఇంకోసారి వచ్చి పడుతుంది.

సీతమ్మధార_సుజాత
నాలుగు ముక్కలకు ఎలా ఉంటుంది మాస్టారూ? మూడింటికి అలా, అయిదింటికి ఇలా అయితే మధ్యలో ఎక్కడో తిరగాలి కదా.

లెక్కల_మాస్టారు_ఎంవీపీ
మంచి ప్రశ్న. నాలుగు ముక్కల వరసలు పదకొండు. ఒక్కోదానికి 256 రూపాలు, మొత్తం 2,816. ఒకే గుర్తువి 44 తీసేస్తే 2,772. కలర్లు 2,860, అందులోంచి 44 పోతే 2,816. దాదాపు సమానం, వెంట్రుకవాసి తేడాతో సీక్వెన్సే ఇంకా అరుదు. అయిదో ముక్క పడినప్పుడే తిరుగుతుంది. మొదటిసారి లెక్కవేసినప్పుడు పొరబడ్డానేమోనని ఇంకోసారి వేసుకున్నాను.

పూర్ణామార్కెట్_పాతకాపు
మాస్టారి లెక్కను కాగితం మీద మళ్లీ వేసి చూశాను. 1,287 విధాలన్న చోట ఆగాను, మా అబ్బాయి వివరించాడు. ఒప్పుకుంటున్నాను. అయినా చేతిలో వరసను చూస్తే కలిగే ఆనందం ఆఠీన్ల గుంపును చూస్తే కలగదు, అది మాత్రం లెక్కకు అందదు.

ఓడరేవు_ఉదయం
అరుదైనదే పెద్దదంటున్నారు కాబట్టి ఒకటి అడుగుతాను. మూడు ముక్కలాటలో ట్రయల్, అంటే మూడూ ఒకే అంకె ఉన్న చేయి, అన్నిటికంటే పెద్దది. ట్రయల్స్ ఎన్ని? పదమూడు అంకెలకు నాలుగేసి చొప్పున 52. ప్యూర్ సీక్వెన్సులు మీరే చెప్పారు, 48. మరి ప్యూర్ సీక్వెన్సే ట్రయల్‌ను కొట్టాలి కదా?

లెక్కల_మాస్టారు_ఎంవీపీ
కొట్టాలి. అక్కడ మన ఆట లెక్కను పాటించలేదు. క్యాసినోల్లో మూడు ముక్కల పోకర్ అని ఒకటి ఆడతారు, అందులో ఒకే గుర్తు వరసను ట్రయల్ పైన పెట్టారు. మన క్రమం పాత అలవాటు నుంచి వచ్చింది.

భీమిలి_బాబాయి
మూడు ఆసులను ఆఠీన్ 4-5-6 కొట్టడమా? అది మా ఇంట్లో జరగదు.

ఉక్కునగరం_విశ్రాంతి
బాబాయి గారితో నేనూ ఏకీభవిస్తున్నాను. హుద్‌హుద్ రోజులు గుర్తొచ్చాయి. 2014 అక్టోబర్ 12న తుపాను తీరం దాటింది. ఆ తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు పనిచేయలేదు, రోడ్ల మీద చెట్లు అడ్డంగా పడి ఉన్నాయి. మా మెట్ల మీద కొవ్వొత్తి పెట్టుకుని మూడంతస్తుల వాళ్లమూ పేక ఆడుకునేవాళ్లం. అప్పటి వరకు పలకరింపే తప్ప పరిచయం లేని ఇళ్లు. రెండో రాత్రి పై అంతస్తు పెద్దావిడ చూడకుండానే, బ్లైండుగా, నాలుగుసార్లు పెంచారు. ముక్కలు తిప్పితే మూడు పదులు. కొవ్వొత్తి దగ్గరికి తెచ్చి ఒక్కో ముక్కనూ వేలితో తడిమి చూసుకున్నారు. మెట్లన్నీ చప్పట్లతో మోగిపోయాయి. 22,100లో 52 అంటే 425 చేతులకు ఒకసారి. ఆ రాత్రి ఆవిడ మీద ఆఠీన్ 4-5-6 గెలిచి ఉంటే మాలో ఎవరమూ ఒప్పుకునేవాళ్లం కాదు.

సీతమ్మధార_సుజాత
నా సమస్య వేరు. మా వదిన చేతిలో 5, 5. నా చేతిలో రాజు, జాకీ. నేల మీద రాణి, రాణి, 8, 8, ఆసు. వదిన తనకు మూడు జతలు వచ్చాయి కాబట్టి గెలిచానంది. నాకు నేల మీద ఉన్నవి తప్ప ఏమీ లేవు, ఓడిపోయాననుకుని ముక్కలు కింద పెట్టేశాను. ఇంటికొచ్చాక అనుమానం మొదలైంది.

కంచరపాలెం_కుర్రాడు
అయ్యో, మీరు ఓడిపోలేదు అక్కా! పోకర్లో మూడు జతలన్నది లేదు. లెక్కకు వచ్చేవి అయిదు ముక్కలే. మీ వదిన గారి అయిదు: రాణి, రాణి, 8, 8, ఆసు. మీ అయిదు కూడా అవే. ఆవిడ అయిదులకు అందులో చోటే లేదు. చెరి సగం పంచుకోవాల్సింది.

సీతమ్మధార_సుజాత
ముప్పై రెండు గవ్వలు! అన్నీ రుషికొండలో మా పాప ఏరినవి.

మధురవాడ_మధ్యతరగతి
ఈ ఒక్క మాట గట్టిగా పట్టుకుంటే కొత్తవాళ్ల గొడవలు సగం తీరిపోతాయి: ఏడింటిలోంచి అయిదు, ఆ అయిదే. ఇద్దరికీ ఆసుల జతే ఉంటే ఆ జత పక్కన మిగిలిన మూడింటిలో పెద్దది ఎవరిదో చూడాలి. ఒకరికి రాజు, ఇంకొకరికి జాకీ ఉంటే రాజు ఉన్నవాళ్లది గెలుపు. అయిదూ సరిసమానమైతే పంచుకోవడమే.

ఫుల్ హౌస్ విషయంలోనూ చాలామంది పొరబడతారు. నా దగ్గర మూడు 3లు, రెండు ఆసులు. అన్నయ్య దగ్గర మూడు 4లు, రెండు 2లు. ఆసులను చూసుకుని నేను మురిసిపోయాను. ముందు చూసేది మూడు ఒకేలా ఉన్నవాటిని. మూడుల కంటే నాలుగులు పెద్దవి, ఆట అన్నయ్యదే.

భీమిలి_బాబాయి
ఎవరైనా మొత్తం క్రమం ఒకచోట చెప్పండి. మేనల్లుడు చెబుతుంటే సగం వినలేదు, అప్పటికే కోపంలో ఉన్నాను.

లెక్కల_మాస్టారు_ఎంవీపీ
కింది నుంచి చెబుతాను, ఎక్కుతున్న కొద్దీ చేతులు ఎలా కరిగిపోతాయో చూడండి. ఏమీ కుదరనివి 13,02,540. అంటే మొత్తంలో సగం చేతుల్లో ఏమీ ఉండదు, పెద్ద ముక్క ఎవరిదో చూసుకోవడమే. ఒక జత 10,98,240. ఈ రెండూ కలిపితేనే నూటికి తొంభై దాటిపోతుంది. రెండు జతలు 1,23,552. మూడు ఒకేలా ఉన్నవి, అంటే మన ట్రయల్, 54,912. మూడు ముక్కలాటలో మహారాజైన ట్రయల్ ఇక్కడ సీక్వెన్సు కంటే కింద ఉందని గమనించండి. ఆ పైన సీక్వెన్సు 10,200, కలర్ 5,108. మూడూ రెండూ కలిసిన ఫుల్ హౌస్ 3,744. నాలుగూ ఒకటే అయినవి 624. ఒకే గుర్తు వరసలు 40. వాటిలో 10 నుంచి ఆసు వరకు ఉన్న నాలుగింటినే రాయల్ ఫ్లష్ అంటారు. 25,98,960లో నాలుగు!

గాజువాక_గళం
ట్రయల్ సీక్వెన్సు కంటే కిందనా! ఇది బాబాయి గారికి ఇంకో దెబ్బ.

భీమిలి_బాబాయి
కలర్ విషయం ఒప్పుకున్నాను కాబట్టి ఇదీ ఒప్పుకుంటాను. ఒక్క సందేహం. ఇద్దరికీ కలరే వచ్చి సమానంగా ఉంటే? మా ఇంట్లో ఇస్పేటు పెద్దది, తర్వాత ఆఠీను, డైమను, కళావరు.

మధురవాడ_మధ్యతరగతి
బ్రిడ్జ్ ఆటలో పాటలకు ఆ క్రమమే. పోకర్ చేతులు పోల్చేటప్పుడు మాత్రం గుర్తులన్నీ సమానం. కలర్ వర్సెస్ కలర్ వస్తే పెద్ద ముక్క చూడాలి, అది సమానమైతే రెండోది, అలా అయిదో ముక్క వరకు.

పూర్ణామార్కెట్_పాతకాపు
ఆసు-2-3 మా దగ్గర రెండో పెద్ద సీక్వెన్సు. ఇక్కడ ఆసు-2-3-4-5 కూడా పెద్దదేనా?

కంచరపాలెం_కుర్రాడు
కాదు, అన్నిటికంటే చిన్న వరస అదే. అందులో ఆసు ఒకటిగా మారిపోతుంది. రాణి-రాజు-ఆసు-2-3 అయితే వరసే కాదు. ఆసు ఏదో ఒక చివర ఉండాలి, మధ్యలో వంతెనలా నిలబడకూడదు.

ఓడరేవు_ఉదయం
మాస్టారికి ఇంకొకటి. బాబాయి గారు ఆడింది ఏడు ముక్కల ఆట, మీరు లెక్కవేసింది అయిదు ముక్కలకు. నేను ఏడింటికి చూశాను. మొత్తం 13,37,84,560 చేతులు. వాటిలో ఒక జత 5,86,27,800. ఏమీ లేనివి 2,32,94,460 మాత్రమే. అంటే ఏమీ లేకపోవడమే అరుదు! మీ సూత్రం ప్రకారం ఖాళీ చేయి జతను కొట్టాలి.

లెక్కల_మాస్టారు_ఎంవీపీ
దీనికి రాత్రంతా ఆలోచించాను. క్రమం అయిదు ముక్కల దగ్గర స్థిరపడింది, ఏడు ముక్కల ఆటలు దాన్ని అలాగే వాడుకున్నాయి, అది నిజం. అయితే మీరన్నట్టు మార్చి చూడండి. ఖాళీ చేయి పెద్దదని ప్రకటించిన మరుక్షణం ఏడింటిలో జత ఉన్నవాడు ఏం చేస్తాడు? జతలో ఒక ముక్కను వదిలేసి, కుదరని అయిదింటిని ఏరుకుంటాడు. ఖాళీ చేతులు ఒక్కసారిగా పెరిగిపోతాయి, అది అరుదైనది కాకుండా పోతుంది. ఏరుకునే హక్కు ఆటగాడి చేతిలో ఉన్నంత కాలం క్రమం మారితే లెక్కలూ మారిపోతాయి. కలర్, సీక్వెన్సుల క్రమం ఏడు ముక్కల్లోనూ మారదు: కలర్లు 40,47,644, సీక్వెన్సులు 61,80,020. బావ గారి గెలుపు చెక్కుచెదరదు.

ఓడరేవు_ఉదయం
ఈ జవాబు ఊహించలేదు. చాలా బాగుంది మాస్టారూ.

ఉక్కునగరం_విశ్రాంతి
కొందరు 2 నుంచి 5 వరకు తీసేసి 36 ముక్కలతో ఆడతారని విన్నాను. అప్పుడు?

లెక్కల_మాస్టారు_ఎంవీపీ
అప్పుడు ఒక్కో గుర్తుకు తొమ్మిదే ముక్కలు మిగులుతాయి. కలర్లు 480, ఫుల్ హౌస్‌లు 1,728. అందుకే ఆ ఆటలో కలర్ ఫుల్ హౌస్‌ను కొడుతుంది. పోకర్ తొలి రోజుల్లో అయితే 20 ముక్కలే, 10 నుంచి ఆసు వరకు. నలుగురికి అయిదేసి పంచితే కట్ట అయిపోయేది. అప్పట్లో వరసలకూ కలర్‌కూ విలువ లేదు, నాలుగు ఆసులు వస్తే ఓడించేవాళ్లే లేరు.

సీతమ్మధార_సుజాత
పిల్లలకు ఇవన్నీ నేర్పవచ్చా అని మా ఇంట్లో వాదన. మా బంధువుల అబ్బాయి ఫోన్లో పోకర్ ఆడి రెండేళ్ల జీతం పోగొట్టుకున్నాడు. ఇంట్లో తెలిసే సరికి బంగారం తాకట్టులో ఉంది.

ఉక్కునగరం_విశ్రాంతి
మన రాష్ట్రంలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ పేకాటను 2020లోనే నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. రమ్మీ నైపుణ్యం ఉన్న ఆటేనని 1967లో సుప్రీంకోర్టు చెప్పింది, మన రాష్ట్రం నుంచి వెళ్లిన కేసులోనే. అదే తీర్పులో మూడు ముక్కలాటను పూర్తిగా అదృష్టం మీద నడిచేదిగా పక్కన పెట్టింది. చట్టం సంగతి ఎలా ఉన్నా, ఆ అబ్బాయి ఇంట్లో జరిగింది చదివితే కడుపు తరుక్కుపోతోంది అమ్మా. పిల్లలకు గవ్వలతోనే నేర్పండి, లెక్కలతో సహా నేర్పండి. రాయల్ ఫ్లష్ 25 లక్షల చేతుల్లో నాలుగని తెలిసిన పిల్ల దాని కోసం ఎదురుచూడదు.

భీమిలి_బాబాయి
రెండు సాయంత్రాలు మా మనవరాలూ నేనూ అరుగు మీద కూర్చుని పంచి చూశాం. మూడేసి ముక్కలు పంచితే కట్టకు 17 చేతులు వస్తాయి, ఒక ముక్క మిగులుతుంది. ఇరవైసార్లు కలిపాం. కలర్ వస్తే ఒక కొబ్బరి చిప్పలో పిక్క, సీక్వెన్సు వస్తే ఇంకో చిప్పలో పిక్క. 340 చేతులకు కలర్లు 19, సీక్వెన్సులు 10. మాస్టారి మాటకు దగ్గరగానే ఉంది.

మర్నాడు అయిదేసి పంచాం. కట్టకు పది చేతులు, నలభైసార్లు కలిపాం, మొత్తం 400. సీక్వెన్సులు రెండు వచ్చాయి. కలర్ చిప్ప ఖాళీ.

బావకు ఫోను చేసి ఆట నీదేనని చెప్పాను. మూడు ముక్కల వరకు నా మాటే చెల్లుతుందని ఆయనా ఒప్పుకున్నాడు.

పూర్ణామార్కెట్_పాతకాపు
నాలుగు వందల చేతుల్లో ఒక్క కలరూ రాలేదా?

భీమిలి_బాబాయి
చివరి కట్టలో దగ్గరికి వచ్చింది. మనవరాలు ఒక్కో ముక్కే తిప్పుతోంది. డైమన్ 4, డైమన్ రాణి, డైమన్ 9, డైమన్ 2. అయిదో ముక్క మీద అరచేయి పెట్టి నా వైపు చూసింది. ఇంకా తొమ్మిది డైమన్లు ఉన్నాయి తాతయ్యా అంది. తిప్పితే కళావర్ జాకీ. కాసేపు దాన్నే చూసి, ముక్కలన్నీ పోగుచేసి, మళ్లీ కలపమని కట్ట నా చేతికిచ్చింది.